అర నిమిషానికి ఆగే పాట

పవర్ బ్యాంకు మీద నా కోపం ఇవాళ్టిది కాదు. ఫోను తగిలిస్తే గంటల తరబడి బుద్ధిగా పనిచేస్తుంది. అరచేతిలో సగం కూడా లేని పాటల ప్లేయర్ తగిలిస్తే మాత్రం అర నిమిషం చూసి, నీలం దీపం ఆర్పేసుకుని పడుకుంటుంది. బొత్తాం నొక్కితే మళ్ళీ అర నిమిషం. ఎందుకలా చేస్తుందో చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. తన నుంచి ఎంత కరెంటు పోతోందో అది చూసుకుంటూ ఉంటుందట. మరీ కొంచెం తీసుకునే వస్తువైతే, అసలు ఏదీ తగిలించలేదనుకుని ఆగిపోతుందట. ఆ సంగతి చదివినప్పుడు ఒళ్ళు మండింది. కొంచెం తీసుకుంటే లేనట్టేనా? ఇదెక్కడి న్యాయం?

ఒక వస్తువు మీద అంత కోపమెందుకని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నా కోపం ఆ వస్తువు దగ్గర మొదలైంది గానీ అక్కడ ఆగలేదు. మిరపచేలో దిగి, మా పెద్దమ్మ సాలు దాకా పోయి, తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చింది. అదెట్లాగో చెప్తాను.

అప్పటికి నా డిగ్రీ, బీఎడ్ అయిపోయాయి. టీచరు పరీక్షకు చదువుకుంటున్నాను. చదువుకుంటూ కూర్చుంటే ఇల్లు గడవదు కాబట్టి మిరప ఏరడానికి పెద్దమ్మతో పోయేదాన్ని. మాది పెనుబల్లి వైపు ఊరు. క్రిస్మస్ పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యేసరికి మా వాడలో ఆడవాళ్ళంతా మిరప చేలల్లో ఉంటారు. తెల్లారుతూనే ట్రాలీ ఆటో వచ్చేది. పదిహేను మందిమి ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చున్నట్టు కూర్చుని, అడవి అంచున ఉన్న చేనికి పోయేవాళ్ళం. ఆ చేనికి ఒక పక్క టేకుచెట్లు, ఇంకో పక్క వాగు. అక్కడ ఫోనులో సిగ్నల్ ఉండదు. ఉన్నా మాకు పనికిరాదు, ఎందుకంటే చేలో దిగేముందు ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి గట్టు మీద పెట్టాలి. అది చేను ఆసామి పెట్టిన నియమం.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మా ముఠాకు పెద్ద. ఆమె రాయించుకున్న పదవేమీ కాదది. ఇరవై ఏళ్ళుగా మొదటి సాలు ఆమెదే, అంతే. సాలు అంటే మొక్కల వరస. ఒక్కొక్కరం ఒక్కో సాలు పట్టుకుని ఏరుకుంటూ ముందుకు పోతాం. మా ముఠాలో ఒక పద్ధతి ఉండేది. మొదటి సాలు పట్టిన మనిషిని దాటి ఎవరూ పోకూడదు. ఎంత చురుకైన చేతులున్నా ఆమె పక్కకు రాగానే నెమ్మదించాలి. ఊరికే నిలబడలేకపోతే, వెనకబడ్డవాళ్ళ సాలులోకి వంగి నాలుగు చెట్లు ఏరిపెట్టాలి. అందుకని పదిహేను మందిమీ ఒకే గీత మీద కదిలేవాళ్ళం. గట్టు మీద నుంచి చూసే ఆసామికి ఎవరు చురుకో ఎవరు మందమో తెలిసేది కాదు. నెలలు నిండుతున్న పిల్ల, జ్వరం తగ్గీ తగ్గకముందే వచ్చిన మనిషి, పుస్తకాలు పట్టి చేతులు మొద్దుబారిన నాలాంటిది, అందరం ఆ గీతలో కలిసిపోయేవాళ్ళం. ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగితే పెద్దమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె చేతులు అందరికంటే చురుకైనవని, కావాలని నెమ్మదిగా పోతుందని మాత్రం వయసులో ఉన్నప్పుడు ఆమెతో ఏరినవాళ్ళు చెప్పేవాళ్ళు.

ఆ గీత తప్పకుండా ఉండడానికి పాట ఉండేది. పెద్దమ్మే ఎత్తుకునేది. చర్చిలో పాడే పాట ఒకటైతే, వరి నాట్ల పాట ఇంకొకటి. ఎవరినో ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు కట్టిన పాట మరొకటి. మేమంతా అందుకునేవాళ్ళం. పాట ఎంత తీరిగ్గా నడిస్తే చేతులూ అంతే తీరిగ్గా నడిచేవి. ఎండ ముదిరితే పాట సాగదీసేది. నీళ్ళ వేళకు ఆపేసేది.

ఇక నా ప్లేయర్ సంగతి. అది మా చిన్నాన్న కొడుకు వాడి పారేసింది. అందులో నేను నా గొంతుతోనే పాఠాలు రికార్డు చేసుకున్నాను. పిల్లల మనస్తత్వం, బోధనా పద్ధతులు, చరిత్రలో తేదీలు, అన్నీ. ఒక చెవిలో తీగ పెట్టుకుని, ఏరుకుంటూ వినేదాన్ని. మిగతావాళ్ళకు అదొక వింత. పెద్దమ్మ మాత్రం నా సాలు తన పక్కనే ఉండేలా చూసేది. పాఠంలో పడి నా చేతులు ఆగితే తన చెట్టుతోపాటు నా చెట్టూ ఏరేసేది. నేను ఆ ఏడు చదివిన చదువులో సగం ఆమె చేతుల మీదే చదివాను.

ప్లేయర్ పాతది. లోపలి బ్యాటరీ ఉబ్బిపోయి ఒక్క క్షణం కూడా నిలిచేది కాదు. వైరు తగిలించి ఉంటేనే నడిచేది. అందుకని ఖమ్మం పోయినప్పుడు పవర్ బ్యాంకు కొన్నాను. మొదటి రోజే అది చేసిన నిర్వాకం చెప్పాను కదా. మిరపకాయలు పట్టిన వేళ్ళతో అర నిమిషానికోసారి బొత్తాం నొక్కడమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మరిచిపోయి ఆ వేలే కంట్లో పెట్టుకున్నాను. గట్టు మీద కూర్చుని గంటసేపు నీళ్ళు కొట్టుకున్నాను. దుకాణానికి తీసుకుపోతే అక్కడివాడు తన ఫోను తగిలించి, ఇదిగో మంచిగా ఎక్కుతోందిగా, నీకే వాడటం రావట్లేదమ్మా అన్నాడు. నాకు రాదట. నా చేతిలో ఉన్న ప్లేయర్ వైపు కూడా చూడలేదు. అక్కడే దులిపేసి వచ్చాను. దులిపితే ఏం లాభం, వస్తువు మాత్రం అదే.

దారి దొరికింది ఒక కరెంటు కోత పూట. చదువుకోవడానికని గోరంత లైటు, పవర్ బ్యాంకుకే తగిలించేది, ఒకటి కొనుక్కున్నాను. ప్లేయర్ ఒక రంధ్రంలో, లైటు రెండో రంధ్రంలో పెట్టాను. అర నిమిషం దాటింది, నిమిషం దాటింది. నా గొంతు ఆగకుండా పాఠం చెప్తూనే ఉంది. లైటు కూడా కాస్త కరెంటు తాగేసరికి పవర్ బ్యాంకుకు ఎవరో ఉన్నారని నమ్మకం కుదిరిందన్నమాట. మర్నాటి నుంచి నాన్న పాత చొక్కా జేబులో ప్లేయరు, పక్కన వెలుగుతున్న లైటు, నడుముకు కట్టిన గుడ్డలో పవర్ బ్యాంకు. పట్టపగలు జేబులో దీపమేందని ముఠా అంతా నవ్వింది. అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు దాని మర్మమంతా విప్పి చెప్పాను. టీచరు ఉద్యోగం రాకముందే టీచరునయ్యానని సంబరపడ్డాను.

ఆసామి వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మనిషి మంచివాడే. చల్లటి నీళ్ళ క్యాన్లు తెప్పించేవాడు. ఎవరికైనా కళ్ళు తిరిగితే బండి మీద దవాఖానాకు తీసుకుపోయేవాడు. నా కోపం ఇంతకాలం నిలవడానికి అదే కారణమనుకుంటాను. చెడ్డవాడైతే రెండు తిట్లు తిట్టి మరిచిపోయేదాన్ని.

ఒకరోజు ఆయన నా చెవిలోని తీగ చూసి, ఫోను దాచుకున్నాననుకుని దగ్గరికొచ్చాడు. ప్లేయర్ చూపించాను.

"ఇందులో పాటలు కూడా వస్తాయా అమ్మాయ్?" అన్నాడు.

వస్తాయన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. మధ్యాహ్నానికల్లా ట్రాక్టర్లో పెట్టుకునే స్పీకరు తెచ్చాడు. నేనే, ఈ చేతులతోనే, ప్లేయర్‌ను దానికి కలిపాను. దుమ్ము పడకుండా ప్లేయరు, లైటు, పవర్ బ్యాంకు మూడూ కలిపి గుడ్డలో చుట్టి స్పీకరు పక్కన పెట్టాను. ఆయన కంటికి మూట మాత్రమే కనిపించింది. పాట మోగగానే అందరూ నా వైపు ఎంతో గొప్పగా చూశారు. పెద్దమ్మ కూడా నవ్వింది. గొంతుకు కాస్త విశ్రాంతి దొరికింది బిడ్డా అంది.

రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు ఆయన మెమరీ కార్డు తెచ్చాడు. అందులో అన్నీ ఊరేగింపుల్లో వేసే పాటలు, డప్పు మీద డప్పు పడేవి. ఒకటి అయిపోయేలోపే ఇంకొకటి మొదలయ్యేది. చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. మేమెవరం అనుకుని చేసింది కాదు. పొద్దున్నుంచి చెవిలో ఆ దెబ్బ పడుతుంటే ఎవరి వేళ్ళు మాత్రం ఆగుతాయి? కాయలేసుకునే ఒడి గుడ్డ నిండడం, సంచిలో పొయ్యడం, మళ్ళీ చెట్టు మీద పడడం. సాయంత్రం నాలుగింటికి ముగిసే చేను ముక్క మూడింటికే ముగిసింది. ముగిసింది కదా అని ఇంటికి పంపలేదు, పక్క ముక్కలో దింపారు. మాకు హుషారు వస్తుందని పాటలు పెట్టిస్తున్నానని ఆయన గట్టు మీద ఎవరితోనో చెప్తుంటే విన్నాను. హుషారు మాదట, ముక్క ఆయనది.

నాలుగో రోజు గీత విరిగింది. మొదట ఇద్దరు పెద్దమ్మను దాటారు. తర్వాత నలుగురు. ఇరవై ఏళ్ళలో ఎవరూ చెయ్యని పని అది. ఎవరికీ అది తప్పని తోచలేదు, పాట అట్లా లాక్కుపోయింది. పెద్దమ్మకు అరవై దాటాయి. కావాలని నెమ్మదిగా పోయే రోజులు ఎప్పుడో అయిపోయాయి, నెమ్మది ఇప్పుడు ఆమె మోకాళ్ళలోనే ఉంది. ఆమె పాట ఎత్తుకోబోయింది. స్పీకరు ముందు ఆమె గొంతు ఎంత? రెండు చరణాలు పాడి ఊరుకుంది.

ఆమెను దాటినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇది రాయకుండా వదిలేస్తే ఈ కోపమంతా దొంగ కోపమవుతుంది. ఆ రోజు జీవితంలో మొదటిసారి నా చేతులు చురుగ్గా ఆడాయి. పక్కన ఆమె చెట్టు దాటిపోతుంటే, నాకూ పని వచ్చిందని లోపల సంతోషించాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున ఆసామి అందరి ముందూ పెద్దమ్మను పిలిచాడు.

"వయసైపోయింది కదమ్మా, ఎండలో ఎందుకు నీకు? కల్లంలో నీడకు కూర్చుని తాలుకాయ ఏరుకో," అన్నాడు.

తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. ఎండబోసిన కల్లంలో ఒక్కతే కూర్చుని మంచి కాయల్లోంచి దాన్ని వేరుచెయ్యాలి. కూలి కూడా తక్కువ. ఆయన గొంతులో దయే ఉంది. ఆ దయ తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. ఆమె చెయ్యి ఏం చేసిందో, ఆ మొదటి సాలు ఎవరిని కాపాడిందో ఆయనకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. గట్టు మీద నుంచి ఆయనకు కనిపించింది ఒక నెమ్మది మనిషి మాత్రమే.

పెద్దమ్మ ఒకసారి ముఠా వైపు చూసింది. మేమందరం ఒడి గుడ్డలు కట్టుకోవడంలో మునిగిపోయినట్టు నటించాం. ఆమె తన ఒడి గుడ్డ విప్పి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని కల్లం వైపు నడిచింది. మొదటి సాలు ఆ రోజు ఒక చురుకు చేతుల పిల్లకు పోయింది. మధ్యాహ్నానికల్లా నెలలు నిండుతున్న పిల్ల ఎంత వెనకబడిందో ఆసామికి కనిపించింది. రేపటి నుంచి రావొద్దన్నాడు, అదీ దయగానే.

నేను చేసిన మొదటి పని మర్నాడు ప్లేయర్‌ను ఇంట్లో వదిలేసి రావడం. బ్యాటరీ పూర్తిగా పోయిందని చెప్పాను. ఎంతో తెగువ చూపానని మురిసిపోయాను కూడా. ఆయనేమీ బాధపడలేదు. మరుసటి రోజు వాళ్ళింట్లో పిల్లలు వాడి మూలపడేసిన ప్లేయరు ఒకటి, కొత్త పవర్ బ్యాంకు ఒకటి పట్టుకొచ్చాడు. ఆ ప్లేయరూ నా దానిలాంటిదే, వైరు లేకపోతే నడవదు. తన ఫోనుతో వెయ్యొచ్చుగా అంటే, మిరపచెట్ల మధ్య దుమ్ములో ఫోను వదిలి ఇంకో చేనికి ఎట్లా పోతాడు?

తగిలించాడు. డప్పులు మోగాయి. అర నిమిషానికి ఆగిపోయాయి.

బొత్తాం నొక్కాడు. మళ్ళీ మోగి, మళ్ళీ ఆగింది. వైరు మార్చాడు, ఊదాడు, తుడిచాడు. పదిసార్లు నొక్కాక దుకాణంవాడిని తిట్టడం మొదలుపెట్టాడు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దుకాణంలో నన్ను వాడటం రాదన్నప్పటి మంట కూడా కాస్త చల్లారింది. చివరికి నన్ను పిలిచి, చదువుకున్నదానివి కదా, నీది ఆగకుండా ఎట్లా నడిచిందో చూడమ్మా అన్నాడు.

తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. రెండో రంధ్రం ఖాళీగా ఉంది. నా దగ్గర లైటు ఉంది, చొక్కా జేబులోనే. ముఠాలో అందరికీ ఆ సంగతి తెలుసు. అందరూ తలలు వంచి చెట్లలోకి చూస్తున్నారు. నాకు తెలియదండీ, ఇది వేరే రకంలా ఉంది అన్నాను.

ఆ పూటంతా ఆయన గట్టు మీద కూర్చుని అర నిమిషానికోసారి బొత్తాం నొక్కుతూనే ఉన్నాడు. పట్టుదల అంటే అది. డప్పు మొదలవడం, తెగిపోవడం, మళ్ళీ మొదలవడం. ఒక పద్ధతి లేకుండా చేతులు ఆడి ఆడి ఆగేవి. మధ్యాహ్నానికి విసుగొచ్చి వదిలేశాడు. సాయంత్రం ట్రాలీలో అందరం పగలబడి నవ్వుకున్నాం. ఆయన బొత్తాం నొక్కిన తీరు ఒకరు చేసి చూపించారు. కల్లంలో ఉన్న పెద్దమ్మకు ఇదేదీ తెలియదు. మేం చెప్తుంటే విన్నది. నవ్వలేదు.

"నీకు ఎరుకుండే చెప్పలేదా?" అని నన్ను అడిగింది.

నీ కోసమే పెద్దమ్మా అన్నాను. పాట లేకపోతే నిన్ను మళ్ళీ సాలులోకి పిలుస్తారని అనుకున్నానన్నాను.

"నన్ను కల్లానికి పంపిననాడు నీ నోరు ఎటు పోయింది బిడ్డా? ఇయ్యాల అబద్ధం ఆడనీకి మాత్రం మంచిగ లేసింది. నా సాలు నాకు గావాలంటే అడిగి తే. గిట్ల దొంగతనంగ నాకొద్దు."

ట్రాలీలో నవ్వులు ఆగిపోయాయి. ఆమె చెప్పిన మాట నిజమని నాకు అప్పుడే తెలుసు. తెలిసినందుకే ఇంకా కోపం వచ్చింది. ఆసామి మీద, పాటల మీద, పవర్ బ్యాంకు మీద, ఆమె మీద కూడా. ఇంత చదివి, వందమందికి పాఠాలు చెప్తానని తిరిగేదాన్ని, ఒక మనిషి ముందు నిలబడి ఇది తప్పండీ అనలేకపోయాను. అబద్ధంలో దాక్కుని దాన్ని తెగువ అనుకున్నాను. ఆ సాయంత్రం పుస్తకం తెరవలేదు.

మర్నాడు ఆకాశం మబ్బు పట్టి ఉంది. పండిన కాయ చెట్టు మీదుంది, కల్లంలో ఎండాల్సింది ఉంది. ఆసామి మొహం కూడా మబ్బు పట్టే ఉంది. ముఠా చేలోకి దిగలేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, కానీ నేను అడగబోతున్నానని ట్రాలీ దిగినప్పుడే అందరికీ తెలిసిపోయినట్టుంది. ఎవరూ ఒడి గుడ్డ కట్టుకోలేదు. చేతుల్లో పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. పెద్దమ్మ తన దారిన తాను కల్లం వైపు పోయింది.

నేను ఆయన ముందుకు పోయి, నిన్న అబద్ధం చెప్పానన్నాను. ఎట్లా నడపాలో తెలుసునన్నాను. నడిపి చూపిస్తాను గానీ మొదటి సాలు పెద్దమ్మది, ఆమెను దాటి ఎవరం పోము, నెలలు నిండుతున్న పిల్ల కూడా మళ్ళీ మాతోనే ఏరుతుంది అన్నాను. ఆయన గట్టిగా కసురుతాడని, వేరే ముఠాను పిలిపిస్తానంటాడని ఎదురుచూశాను. దానికి ఏం చెప్పాలో దారిపొడుగునా కట్టుకుని వచ్చాను.

ఆయన ముందు మబ్బు వైపు చూశాడు. తర్వాత మా వైపు.

"ఓస్, ఇంతేనా? ఆ ముక్క మొదటిరోజే చెప్తే పోయేదిగా," అన్నాడు.

ఇంతేనా అన్నాడు. అంత కోపం, అంత సిగ్గు, పెద్దమ్మ మడతపెట్టుకుని పోయిన ఆ ఒడి గుడ్డ, ఆయనకు ఇంతే. తిట్టినా బాగుండేది. తిడితే మా దగ్గర నుంచి ఏదో తీసుకున్నాడని తనకు తెలిసినట్టు. తీసుకున్నట్టే తెలియని మనిషి ఇంత తేలిగ్గా తిరిగి ఇచ్చేస్తుంటే, కట్టుకొచ్చిన మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఒకరు పరుగెత్తి పెద్దమ్మను పిలుచుకొచ్చారు. ఆమె వచ్చి, సంగతి విని, ఒడి గుడ్డ విదిలించి కట్టుకుంది. నేను మాటిచ్చాను కాబట్టి జేబులోంచి లైటు తీసి రెండో రంధ్రంలో పెట్టాను. డప్పులు మొదలయ్యాయి. అర నిమిషం దాటింది, ఆగలేదు. ఆసామి వంగి ఆ గోరంత లైటును చూసి, దీనికా నిన్నంతా నేను చచ్చింది అని తల కొట్టుకున్నాడు. మోటారు చూసుకోవాలని ఇంకో చేనికి పోయాడు.

ఆయన బండి టేకుచెట్లు దాటిందాకా పెద్దమ్మ ఆగింది. తర్వాత స్పీకరు దగ్గరికి వచ్చి, రెండు వేళ్ళతో లైటు పీకి, కొంగున ముడి వేసుకుంది.

"గిది నా దగ్గరుంటది," అంది. "నీళ్ళు తాగేటప్పుడు పెట్టిస్తా. ఆడుకుంటరో, వింటరో మీ ఇష్టం."

డప్పు ఇంకా మోగుతోంది. మేమంతా ఎవరి సాలు దగ్గర వాళ్ళం నిలబడి దాన్నే వింటున్నాం. అర నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. పాట సగంలో తెగింది. నీలం దీపం ఆరిపోయింది. అడవిలో పిట్టల చప్పుడు మళ్ళీ వినిపించింది.

పెద్దమ్మ మొదటి చెట్టు మీదికి వంగి, తన పాట ఎత్తుకుంది. రెండో చరణానికి అందరం అందుకున్నాం. నాలుగు రోజుల డప్పుల తర్వాత నా చేతులు చురుకు మరిచిపోలేదు, ముందుకే పోతున్నాయి. పక్క సాలులో ఆమె వేళ్ళు కాయ కాయకూ తడుముకుంటూ కదులుతున్నాయి. నేను ఆమె చెట్లు రెండు ఏరి, ఆమె ఒడిలోనే వేసి, వెనక్కి వచ్చి నిలబడ్డాను.